తాతయ్య అడిగిన నీళ్లు

నా చిన్నప్పుడు మా ప్రొద్దుటూరులో ఎవరింట్లోనైనా చావు జరిగితే, పది రోజులూ మధ్యాహ్నం పూట ఒక అయ్యవారు వచ్చి పురాణం చదివేవారు. మా తాతయ్య పోయినప్పుడూ చదివారు. నాకప్పుడు ఎనిమిదేళ్లు.

పెద్దలంతా చాపల మీద కూర్చుంటే, నేను మా అవ్వ పక్కన ఒదిగి వినేదాన్ని. చీమూ నెత్తురూ పారే వైతరణి, సలసల కాగే నూనె కొప్పెరలు, పాశం వేసి ఈడ్చుకుపోయే యమభటులు. మూడో రోజు ఆయన, దాహమని అడిగినవాళ్లకు నీళ్లివ్వని పాపి గతి చెప్పారు. గొంతెండిపోతూ కాలే ఇసుకలో నడవాలట. ఎంత అరిచినా చుక్క నీరు దొరకదట.

ఆ పాపి నేనే. తాతయ్య పోయిన రోజు మధ్యాహ్నం, అమ్మ పెరట్లో పనిలో ఉండగా, ఆయన మంచంలోంచి నన్ను రెండుసార్లు పిలిచాడు. "పాపా, రవ్వన్ని నీళ్లీమ్మా" అన్నాడు. నేను వసారాలో అచ్చనగండ్లు ఆడుతున్నాను. "వస్తాండా తాతా" అన్నాను. పోలేదు. సాయంత్రానికి ఆయన లేడు.

ఆ సంగతి నాకూ యముడికీ తప్ప ఎవరికీ తెలియదు. వీధిలో దున్నపోతు కనబడితే తలుపు చాటుకు పరుగెత్తేదాన్ని. నీళ్లు తాగడం మానేశాను. ఇక్కడే దాహం అనుభవిస్తే అక్కడ తగ్గుతుందేమోనని ఆశ. మర్నాటికి పెదాలు పగిలి జ్వరం వచ్చింది.

అవ్వ చెంబు నా నోటి దగ్గర పెడితే పళ్లు బిగించాను.

"ఏందే ఇది? ఎందుకు తాగవు?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. అవ్వ కొంగుతో నా మొహం తుడిచింది.

"పిచ్చిదానా, ఆ నీళ్లు నేనిచ్చినా. తాగి, పాప ఆడుకుంటాంది, పిలవద్దులే అన్యాడు మీ తాత" అంది.

ఆమె కళ్లలోకి చూశాను. అవ్వ చూపు తిప్పుకోలేదు. చెంబెడు నీళ్లూ గటగటా తాగేశాను.

అవ్వ పోయిన చాలా ఏళ్లకు మా అత్త ఏదో మాటల్లో అంది: "తాత పోయిన పొద్దు మీ అవ్వ ఇంట్లో యాడుందే? మందు కోసమని తెల్లారే జమ్మలమడుగు పాయ. వచ్చేతలికి అంతా అయిపాయ."

ఆ రోజు ఆటలో పడి, అవ్వ ఇంట్లో లేదన్న సంగతే నేను గమనించలేదు. అంటే, భర్త దాహంతో పోయాడన్న సంగతి ఆమెకు నా నోటి ద్వారానే తెలిసింది. ఆ బాధ నాకు కనబడనివ్వలేదు. అబద్ధమాడితే నాలుక పెరికేస్తారన్న పురాణాన్ని అక్షరం వదలకుండా నమ్మిన మనిషి, నమ్ముతూనే ఆ మాట అంది.

ఇప్పుడు నేను అప్పటి అవ్వ వయసు దాటాను. నరకం ఉందో లేదో తెలియదు గానీ, ఆ పేరు వింటే ఇప్పటికీ భయమే. నా గురించి కాదు, అవ్వ గురించి.