గాలి చొరని మూత

2004 మే నెలలో నేను పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రంలో టర్బైన్ మెయింటెనెన్సు విభాగంలో ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. నా పైన డీఈ, ఆయన పైన ఎస్ఈ. నా కింద ఏఈలు, ఫోర్‌మన్లు. ఏడీఈ అనేవాడు పైవాళ్లకు సంజాయిషీ చెప్పాలి, కిందివాళ్లకు సలహా చెప్పాలి. ఈ రెండో పని నాకు మహా ఇష్టం.

నా ప్రత్యేక విద్య కండెన్సర్ లీకులు పట్టడం. టర్బైనును తిప్పిన ఆవిరి చివరకు కండెన్సర్ అనే పెద్ద పాత్రలోకి వచ్చి, చల్లబడి నీరవుతుంది. ఆ పాత్రలో గాలి చేరకూడదు. చేరితే లోపలి శూన్యం, మా మాటలో వాక్యూం, పడిపోతుంది, దాంతో కరెంటు ఉత్పత్తీ పడిపోతుంది. వందల జాయింట్లలో ఏ ఒక్కటి సందిచ్చినా బయటి గాలి లోపలికి దూరుతుంది. దాన్ని పట్టడానికి మా చేతిలో ఉన్న సాధనం కొవ్వొత్తి. వెలిగించి జాయింటు వెంట నడిపిస్తే, సందున్న చోట మంట లోపలికి వంగుతుంది. చెవి పెడితే సన్నగా ‘స్స్’ మంటుంది. ఆ చప్పుడు టర్బైన్ హాలు హోరులో కూడా నాకు వినిపిస్తుందని నా గొప్ప. డిపార్టుమెంటులో నా వెనకాల నన్ను ‘కొవ్వొత్తి సారు’ అనేవారు. చాలాకాలం అది గౌరవమనుకున్నాను.

ఉద్యోగం బయట నాకున్న జబ్బు ఒక మోరిస్ మైనర్ కారు. ఇంగ్లండులో పుట్టింది, వయసులో నాకంటే పెద్దది. ఖమ్మంలో ఒక రిటైర్డ్ పాదిరిగారి పెరట్లో కోళ్లు అందులో గుడ్లు పొదుగుతున్న దశలో నా కంటబడింది. ఇంటికి తెచ్చాక దాన్ని నడిపిన దానికంటే దాని కింద పడుకున్నదే ఎక్కువ. విడిభాగాలు దొరకవు కాబట్టి ఒక బేరింగు అంబాసిడర్‌ది, ఒక బెల్టు ఏదో నీళ్ల పంపుది పెట్టి సరిపెట్టేవాణ్ణి. ఈ కాలం బండ్లలో బ్యాటరీ మైనస్ తీగను బాడీకి కలుపుతారు. నా మోరిస్‌కు ప్లస్ కలపాలి. ఈ సంగతి ఎవరికీ తెలియదని కాలనీలో వచ్చేపోయేవాళ్లందరినీ ఆపి చెప్పేవాణ్ణి. దగ్గర్లోని టేకులపల్లి దాకా వెళ్లి రావడాన్ని నేను టూరు అనేవాణ్ణి. మా ఆవిడ తోసి రావడం అనేది.

మా ఆవిడ సుగుణ ప్రభుత్వ దవాఖానాలో స్టాఫ్ నర్సు. ఆ నెలలోనే ఆమెకు హెడ్ నర్సుగా ప్రమోషన్ ఇచ్చి భద్రాచలం వేశారు. ఏళ్ల తరబడి సీనియారిటీ చూసుకుంటూ ఎదురుచూసిన ప్రమోషన్ అది. గడువులోగా చేరకపోతే వదులుకున్నట్టే లెక్క, ఆ కుర్చీ తరవాతి వరసలో ఉన్నవాళ్లకు పోతుంది. ఆమె మానాన ఆమెను వదిలేస్తే మర్నాడే బస్సెక్కి వెళ్లి చేరిపోయేది. నేనే అడ్డుపడ్డాను. హెడ్ నర్సు బస్సులో వేలాడుతూ వెళ్లడమేమిటి, కారు ఓవర్‌హాలింగు అయిపోవచ్చింది, దర్జాగా దింపుతాను అన్నాను. ఆ ఓవర్‌హాలింగు సాగి సాగి గడువు చివరి రోజుకొచ్చింది. ఆ రోజు కూడా మధ్యాహ్నం లోపే చేరాలి. ఆ తరవాత చేర్చుకోవలసిన సూపరింటెండెంటు ఖమ్మం మీటింగుకు వెళ్లిపోతారు.

సుగుణ పెట్టిన షరతు ఒక్కటే. “ఆ పెట్రోల్ వాసన లేకుండ చెయ్యుండ్రి. కొత్త చీర కట్టుకొని పోతున్న. వార్డుల అడుగు పెట్టంగనే పెట్రోల్ బంకు వచ్చిందని నవ్వుతరు.”

ఆమె మాటలో న్యాయముంది. ట్యాంకు మూత తుప్పుపట్టి వదులైపోయింది. గతుకుల్లో పెట్రోలు తొణికి వాసన లోపలికి కొట్టేది. లీకు అనే మాట వినగానే నాలోని కొవ్వొత్తి సారు లేచి కూర్చున్నాడు. రాత్రికి రాత్రే కొత్త మూతకు డ్రాయింగు గీశాను. ఇత్తడి మూత, దానికి ఒకటి చాలదని రెండు రబ్బరు రింగులు. పాల్వంచలో లేత్ షాపు నడిపే యాకూబ్ భాయ్ ఆ డ్రాయింగును అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సార్, గిది కారు మూతనా, బాంబు మూతనా?”

“లీకు సున్నా ఉండాలె భాయ్,” అన్నాను.

అతను మంచి పనివాడు. గీసింది గీసినట్టు చేసిచ్చాడు. బిగించి చుట్టూ సబ్బు నీళ్లు పోసి చూశాను, ఒక్క బుడగ లేదు. పెట్రోలు దగ్గర కొవ్వొత్తి వెలిగించేంత మూర్ఖుణ్ణి కాను. నా మూర్ఖత్వం వేరే దారిన వస్తోంది.

మా ప్లాంటులో ఒక నియమం ఉంది. యంత్రానికి ఏ చిన్న మార్పు చేసినా మళ్లీ ట్రయల్ రన్ చెయ్యాలి. లోడు మీద నడిపి చూసేదాకా పని అయినట్టు సంతకం పెట్టకూడదు. ఈ నియమం తప్పిన ఒక ఏఈకి నేనే మెమో ఇచ్చాను. నా కారు ట్రయల్ రన్ పాత మూతతో అయింది, కొత్త మూత బయల్దేరే ముందురోజు సాయంత్రం బిగించాను. మూతకు ట్రయల్ ఏమిటనుకున్నాను.

పొద్దున ట్యాంకు నిండా పెట్రోలు పోయించి బయల్దేరాం. కారు పట్టు మీద పోతున్నట్టు పోయింది. వాసన లేదు. సుగుణ నిజంగానే సంతోషించింది. “మంచిగ చేసిన్రు,” అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ కారు గురించి ఆమె నోట వచ్చిన తొలి మంచిమాట. నేను ఛాతీ పొంగించి, వచ్చే ఎండాకాలం ఇదే కారులో ఒడిశా దాకా వెళ్దామన్నాను. పాల్వంచ దాటి అడవిలోకి కొంతదూరం వెళ్లామో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నేను కంగారుపడలేదు. బానెట్ ఎత్తి, కాంటాక్ట్ పాయింట్లు గరుకు కాగితంతో రుద్దాను. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే చోటు అది. ఈలోగా భద్రాచలం ఎక్స్‌ప్రెస్ బస్సు మమ్మల్ని దాటిపోయింది. సుగుణ ఆ బస్సు వెనకే చాలాసేపు చూసింది. పావుగంట తరవాత తాళం తిప్పితే కారు ఠక్కున స్టార్టయింది.

“చూశావా, పాయింట్లే!” అన్నాను.

కొంతదూరం పోయాక మళ్లీ ఆగింది. ఈసారి ఇది వేడి వల్ల వచ్చే జబ్బు అని తేల్చాను. గొట్టంలో పెట్రోలు ఆవిరై అడ్డుపడుతుంది. దీన్ని వేపర్ లాక్ అంటారు. తాగేనీళ్ల సీసా ఒక గుడ్డ మీద గుమ్మరించి, ఆ తడిగుడ్డను పెట్రోలు పంపుకు చుట్టాను. ట్యాంకులోంచి పెట్రోలు పీల్చి ఇంజనుకు అందించే చిన్న కరెంటు పంపు అది. కాసేపాగి తిప్పితే మళ్లీ స్టార్టయింది.

“అదీ సంగతి. వేపర్ లాక్,” అన్నాను.

“ఇందాక పాయింట్లన్నరు గద?”

“అదీ ఉంది, ఇదీ ఉంది.”

“మోటర్ల పని తెల్సినోళ్లను ఎవర్నన్న అడిగితే ఏందండి?” అంది.

ఇరవై ఏళ్లు టర్బైన్లు విప్పి బిగించినవాణ్ణి, దారిన పోయే లారీ క్లీనరును అడగమంటుంది! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు, నా వేపర్ లాక్ పట్టుకుని నేను ముందుకు నడిపాను.

మూడోసారి ఆగింది తునికాకు కల్లం పక్కన. బీడీలకు వాడే ఆ ఆకును కోసి, కట్టలు కట్టి, ఎండబెట్టే చోటు అది. ఆ చుట్టుపక్కల కోయ ఊళ్లవాళ్లు కట్టలు పేరుస్తూ పని ఆపి మమ్మల్ని చూశారు. పంపు టిక్ టిక్ చప్పుడు ఆగిపోయి ఉంది. అయితే పంపే పోయిందని స్పానరు పిడితో దాన్ని మెల్లగా కొట్టాను. తరవాత గట్టిగా కొట్టాను. ఎండ నడినెత్తికి వస్తోంది. దూరంగా ఇంకో బస్సు వస్తున్న చప్పుడైంది.

సుగుణ వెనక సీట్లోంచి తన సంచి తీసుకుని రోడ్డు మీదికి నడిచింది. ఆర్డరు, సర్టిఫికెట్లు అన్నీ ఆ సంచిలోనే ఉన్నాయి. డిక్కీలో పెట్టమని పొద్దున నేనంటే వినలేదు.

“పది నిమిషాలు ఆగు,” అన్నాను.

“మీ బండిని మీరు చూస్కోండ్రి. నా జాయినింగు నేను చూస్కుంట,” అని చెయ్యెత్తింది. బస్సు ఆగింది. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ ప్రమోషన్ పోతే కారణం నేనేనని ఆ క్షణంలో తెలిసింది, భయమేసింది. బస్సు మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాను.

కల్లం దగ్గరి నుంచి ఒక పెద్దాయన వచ్చి కారు చుట్టూ తిరిగాడు. “సార్, పెట్రోల్ ఉన్నదా?” అని అడిగాడు.

రోడ్డు మీద ఏ బండి ఆగినా ఎవరైనా అడిగే మాటే అది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఉందో లేదో నువ్వే చూడు అన్నట్టు వెనక్కి నడిచి ఆ ఇత్తడి మూత పట్టి తిప్పాను. రాలేదు. రెండు చేతులా పట్టి లాగాను.

స్స్స్స్...

ఆ చప్పుడు నాకు తెలియనిదా? సందు దొరికిన బయటి గాలి లోపలికి దూకుతోంది. ట్యాంకులోంచి పెట్రోలు వెళ్తుంటే ఆ ఖాళీలోకి అంత గాలీ రావాలి. పాత మూతలో దానికోసం సన్నని బెజ్జం ఉండేది. ఆ బెజ్జాన్ని తుప్పనుకుని నా డ్రాయింగులోంచి తీసేశాను. గాలి రాక, పెట్రోలు పోను పోను ట్యాంకులో వాక్యూం ఏర్పడింది. దాని మీద గెలిచి పెట్రోలు లాగడం ఆ చిన్న పంపు వల్ల కాలేదు. ఆగినప్పుడల్లా ఎండకు పెట్రోలు ఆవిరై ఆ వాక్యూం కాస్త తగ్గేది, కారు స్టార్టయ్యేది. ఆ ఘనత నా గరుకు కాగితానికీ, తడిగుడ్డకూ దక్కేది. ఉద్యోగంలో ఏనాడూ సాధించలేని మచ్చలేని వాక్యూంను చివరికి నా పెట్రోలు ట్యాంకులో సాధించాను.

“ఉన్నది,” అన్నాను పెద్దాయనతో. ఆయన తల ఊపి పనికి వెళ్లిపోయాడు.

మూత బదులు జేబురుమాలు చుట్టి కట్టి, దారి పొడవునా పెట్రోలు వాసన పీలుస్తూ సారపాక మీదుగా గోదావరి బ్రిడ్జి దాటాను. దవాఖానా వరండాలో సుగుణ కనిపించింది. సూపరింటెండెంటు జీపెక్కుతుంటే ఎదురెళ్లి ఆర్డరు చూపించిందట. ఆయన మళ్లీ లోపలికొచ్చి సంతకం పెట్టి వెళ్లారట. ఆ మాట వినేదాకా నాకు ఊపిరాడలేదు.

జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు, తరవాత వరండా స్తంభం పట్టుకుని నవ్వింది.

“ఆ మూత అచ్చం మీ లెక్కనే ఉన్నది. ఒక్కరి మాట లోపలికి రానియ్యరు. మీకు గూడ ఓ బెజ్జం పెట్టియ్యాలె,” అంది.

మర్నాడు మూత తీసుకుని లేత్ షాపుకు వెళ్లాను. యాకూబ్ భాయ్ డ్రిల్లు పెడుతూ, “మీ డ్రాయింగుల హోల్ లేకుండె గద సార్,” అన్నాడు. లేదని ఒప్పుకున్నాను. బెజ్జం పెట్టాక కారు ఎక్కడా ఆగలేదు. దాంతోపాటు పెట్రోలు వాసన కూడా తిరిగొచ్చింది. సుగుణ భద్రాచలంలో పనిచేసినన్నాళ్లూ బస్సులోనే వెళ్లివచ్చింది.

ఆ ఎండాకాలం నేను నేర్చుకున్నది ఇంతే. ప్రతి ట్యాంకుకూ గాలి వచ్చే దారి ఉండాలి. మార్పు చేసిన ప్రతిదానికీ, అది మూతే అయినా, ట్రయల్ రన్ చెయ్యాలి. మూడోది చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం. ప్లాంటులో పని ముగిశాక ఏఈలను పిలిచి, “నేను చూడనిది మీకేమైనా కనిపించిందా?” అని అడగడం మొదలుపెట్టాను. మెమో ఇస్తాననుకుని మొదట ఎవరూ నోరు విప్పలేదు. నెమ్మదిగా విప్పారు. మూతకు బెజ్జం పడటానికి అరనిమిషం పట్టింది, నాకు పడటానికి రిటైరయ్యేదాకా పట్టింది. ఇప్పటికీ ఒక్కోసారి అది పూడుకుపోతుంది. అప్పుడు సుగుణ లేచి తన సంచి చేతిలోకి తీసుకుంటుంది.