మిట్టమధ్యాహ్నం వచ్చిపోయిన జపాన్ పార్టీ

ఆ రోజుల్లో నాకు ప్రపంచంలోని భాషలన్నీ వచ్చు. ఆ రోజులంటే మరీ తాతల కాలమేమీ కాదు, కరోనా తగ్గి, మూతుల మీద మాస్కులు ఇంకా పూర్తిగా ఊడని రోజులు. ఆదోనిలో ఒక ఫ్లెక్సీ షాపులో డీటీపీ చేసేదాన్ని. వచ్చినవాళ్ళు తెలుగులో చెప్తారు, నేను ఫోనులో కొడతాను, ఫోను దాన్ని ఇంగ్లీషు చేసి ఇస్తుంది, అది ఫ్లెక్సీ మీదికెక్కి బజారులో వేలాడుతుంది. మధ్యలో ఒకసారి చదివి చూద్దామన్న పాడు అలవాటు మాకెవరికీ లేదు. ఒక హోటలాయన 'నాటుకోడి ఇగురు' రాయమంటే, 'మొరటు కోడి ఎండిపోయింది' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు కొట్టి ఇచ్చాను. టైలరమ్మ చీరలకు ఫాల్స్ కుడతానంటే, చీరలకు జలపాతాలు కుడతానని రాసిచ్చాను. ఇద్దరికీ గిరాకీ పెరిగింది (అది నా ఇంగ్లీషు వల్లేనని నా నమ్మకం). షాపులో అందరూ నన్ను 'ఇంగ్లీషు పాప' అనేవాళ్ళు, నేనూ కాదనేదాన్ని కాదు.

నేనుండేది ఎమ్మిగనూరులో, మా మేనమామ ఇంట్లో. రోజూ బస్సులో ఆదోనికి పోయి వచ్చేదాన్ని. మామకు ఇంట్లోనే చేనేత మగ్గాలున్నాయి, తువ్వాళ్ళూ దుప్పట్లూ నేస్తాడు. కరోనాలో కొనేవాళ్ళు లేక సరుకంతా అటక మీదికి చేరింది. ఒకరోజు బెంగుళూరు బ్రోకరు ఫోను చేసి, "జపాన్ పార్టీ ఒకటి వస్తాంది, మగ్గం గుడ్డ సూడాలంటాంది, అడ్రసు ఇచ్చినా, రైల్లో ఆదోనికి వస్తాది" అని చెప్పాడు. మామ మీసం దువ్వుకుని, "పాపా, ఈ పార్టీ కుదిరితే మగ్గాలుంటాయి. లేదంటే వాటిని పొయ్యిలోకి పెట్టి, నేను బెంగుళూరు పోయి యాడన్నా గేటు కాడ వాచ్‌మన్‌గా నిలబడేదే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ రాత్రి అన్నం సగంలోనే లేచాడు.

జపాన్ వాళ్ళ సంగతి తెలుసుకుందామని ఫోనులో వెతికితే, ఆ దేశపు అంగళ్ళ బోర్డులు వరసగా వచ్చాయి. వాళ్ళ ఇంగ్లీషు చూసి పడీపడీ నవ్వాను. ఒక మంగలి షాపు ముందు, 'మీ తల తీసి, కడిగి, తిరిగి ఇవ్వబడును' అని ఉంది. ఒక వేడినీళ్ళ స్నానాల ఇంట్లో, 'దయచేసి మిమ్మల్ని మీరు బాగా ఉడికించుకోండి'. ఒక బట్టల కొట్లో దొంగలకు స్వాగతం పలికారు. "భాష రానప్పుడు బోర్డు ఎందుకు రాయాలప్పా!" అని ఇల్లంతా వినపడేట్టు అన్నాను. అని, ఆ నోటితోనే, "మామా, స్టేషన్లో పట్టుకోవడానికి జపాన్ భాషలో స్వాగతం బోర్డు నేనే కొడతా" అని కూడా అన్నాను.

మామ కళ్ళు మూసుకుని చెప్పాడు. "మీరు రావడం మా పూర్వజన్మ సుకృతం. మేము నోట్లో నాలుక లేనోళ్ళం. మిమ్మల్ని కడుపులో పెట్టుకుని చూసుకుంటాం." ఎంత మర్యాద! ఫోనులో కొట్టాను, కొక్కిరిబిక్కిరి గీతలు వచ్చాయి, వాటిని ఎర్రరంగులో, మనిషంత పెద్దగా ప్రింటు తీశాను. తలకిందులుగా ఉందేమోనని ఓనరన్నకు అనుమానం వచ్చింది. "రెండు పక్కలా బాగానే ఉండాదిలే అన్నా" అన్నాను.

ఇక్కడ మా అవ్వ గురించి చెప్పాలి. అవ్వ అంటే మామకూ మా అమ్మకూ తల్లి. మా వైపు పాత ఇళ్ళ తలుపుల మీద 'రేపు రా' అని రాసి ఉంటుంది (కర్ణాటక సరిహద్దులో హొళగుంద దిక్కు పోతే అదే మాట కన్నడంలో ఉంటుంది). తలుపు తట్టడానికి వచ్చిన దయ్యం అది చదివి, సరే రేపొద్దామని పోతుంది. రేపొచ్చినా అదే రాసి ఉంటుంది కాబట్టి మళ్ళీ పోతుంది. పాపం, మన దయ్యాలది అంత మంచి బుద్ధి. మా తలుపు మీద బొగ్గుతో రాసింది వానకు కరిగిపోతే, అవ్వ నా ప్రాణం తీసింది. "అట్ల గీకితే దానికి యాడ అర్థమైతాదే? షాపులో పని సేస్తాండావు, మంచిగా కొట్టుకోని రా." నేను నల్లటి లావు అక్షరాలతో, మెరిసే స్టిక్కరు కొట్టించి తలుపుకు అతికించాను. గుడ్డి దయ్యం కూడా చదివేట్టు వచ్చింది.

పార్టీ వచ్చే రోజు మామ, అత్త, నేను, వీధిలో నలుగురు మగవాళ్ళు పూలదండతో ఆదోని స్టేషనుకు పోయి బోర్డు పట్టుకుని నిలబడ్డాం. 'పార్టీ' అన్నాడు కదా బ్రోకరు, సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి దిగుతాడని మా లెక్క. రైలు వచ్చింది, జనం దిగారు, సూటు మాత్రం దిగలేదు. తెల్లబట్టలూ, టోపీ, మాస్కూ వేసుకున్న ఒక అమ్మాయి మా బోర్డు ముందు ఒక్క క్షణం ఆగి, ఫోటో తీసుకుని, మామ మీసాలు చూసి, తల వంచుకుని గబగబా పోయింది. ఎవరో మంత్రాలయం పోయే భక్తురాలనుకున్నాం. బ్రోకరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. మామ జపాన్ దేశాన్ని మొత్తంగా తిడుతూ బస్సెక్కాడు.

ఇంటికి పోయేసరికి ఎదురింటి అరుగు మీద అవ్వ వణుకుతూ కూర్చుని ఉంది. "వచ్చిందిరా! మిట్టమధ్యాన్నం వచ్చింది! తెల్లబట్టలు, మొగం ల్యాదు, కండ్లు మాత్రమే ఉండాయి. తలుపు కాడ నిలబడి స్టిక్కరు సదువుకునింది. వంగి తలుపుకు దండం పెట్టి ఎనక్కి పోయింది!" మామకు ఒళ్ళు మండి, "నోరు మూసుకోమ్మా, నా బాధ నాకుంటే" అన్నాడు. అవ్వ నా వైపు తిరిగి, "మంచిగా కొట్టినావే" అని మెచ్చుకుంది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

మరుసటి రోజు నేను ఆదోనిలో పనిలో ఉన్నాను. ఇంట్లో ఎండకు తలుపు మూసుకుని మగ్గాలు ఆడిస్తున్నారు, ఆ చప్పుడులో పిడుగు పడినా వినపడదు. సాయంత్రం అవ్వ మళ్ళీ ఎదురొచ్చింది. "నిన్న వచ్చిందే మళ్ళా వచ్చింది! రేపు రా అంటే కరెక్టుగా వచ్చింది సూడు, మాట మింద నిలబడే దయ్యమే అది. సేతిలో ఫోను తలుపుకు పట్టి సదివి, మళ్ళా దండం పెట్టి పోయింది."

"అవ్వా, ఫోనా?"

"ఫోనేలే. నీ మాదిరిదే."

నేను బస్సు దిగిన అలసటంతా మరిచిపోయి అక్కడే కూలబడ్డాను. దయ్యానికి ఫోనెక్కడిది? స్టేషన్లో తెల్లబట్టల పిల్ల కళ్ళ ముందు కదిలింది. మామకు చెప్తే ఆయన కూడా నా పక్కనే కూలబడ్డాడు. "అయ్యో నా కర్మ! ఇంటికి వచ్చిన పార్టీని రేపు రా, రేపు రా అని రెండు దినాలు తరిమినామా!" బ్రోకరు ఇంకా ఫోను ఎత్తడం లేదు. అప్పటికప్పుడు ఊర్లోని లాడ్జీలన్నీ తిరిగి వచ్చాడు, ఎక్కడా లేదు (మంత్రాలయంలో గది తీసుకుందని మాకెట్లా తెలుస్తుంది). స్టిక్కరు పీకేద్దామంటే అవ్వ తలుపుకు అడ్డం నిలబడింది. "అది పీకితే అసలు దయ్యం లోపలికి వస్తాది. నీ యాపారం కోసం ఇంట్లోకి దయ్యాన్ని పిలుస్తావా?" అని ఏడ్చింది. స్టిక్కరు ఉండిపోయింది.

మూడో మధ్యాహ్నం నేను పని ఎగ్గొట్టాను. మగ్గాలు ఆపి, ఎదురింటి అరుగు మీదున్న అవ్వ తప్ప అందరం తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. సందులోంచి చూస్తే, వచ్చింది! అదే టోపీ, అవే తెల్లబట్టలు. ఫోను పైకెత్తింది. ఆ సంబరం ఆపుకోలేక మామ దండతో సహా ఎగిరి బయటికి దూకాడు. ఆ పిల్ల అరవలేదు గానీ, స్టేషన్లోని మీసాలను గుర్తుపట్టి వెనక్కి తిరిగి నడక అందుకుంది. "అమ్మా, నిలబడమ్మా!" అంటూ మామ వెనకాల. ఆయన పరుగెత్తేకొద్దీ ఆమె నడక వేగం పెరుగుతోంది. నేను ఫోనులో 'భయపడకండి' అని కొట్టి నిలబడితే, సిగ్నలు లేక చక్రం తిరుగుతోంది. మా మగ్గాలు వీధి మలుపు తిరిగి వెళ్ళిపోతున్నట్టే అనిపించి నాకు ఏడుపొచ్చింది.

అరుగు దిగి అవ్వ ఎదురుపోయింది. మూడు రోజులుగా దయ్యమని వణికిన మనిషి, పోయి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. "ఏం పాపా, మూడు దినాల నుంచి ఎండలో తిరుగుతాండావే! సెయ్యి సూడు ఎట్ల కాలిపోతాందో. రా, మజ్జిగ తాగి పో" అని లాక్కొచ్చింది. ఆ అమ్మాయికి ఒక్క ముక్క అర్థమయ్యుండదు. అయినా వచ్చింది. గడపలో కూర్చుని, మాస్కు తీసి, చెంబెడు మజ్జిగ గటగటా తాగింది. అవ్వ ఆమె మొహంలోకి తేరిపార చూసి, "దయ్యం కాదురా, దప్పిగొన్న బిడ్డ" అని మాకు తీర్పు చెప్పింది.

తర్వాత ఆ అమ్మాయి తనకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో నా బోర్డుకు అర్థం చెప్పింది. 'మీరు పోయిన జన్మలో చేసినదానికి ఇక్కడికి వచ్చారు. మాకు నాలుకలు లేవు. మిమ్మల్ని కడుపులో వేసుకుంటాం.' అంతమంది మగవాళ్ళూ దండా చూసి ఇంకేమనుకుంటుంది? మామ తల పట్టుకున్నాడు. ఇక దుప్పటి చూపిస్తే, ఆమె ఫోనులో మాట్లాడింది, ఫోను తెలుగులో, "ఈ గుడ్డ నిజాయితీ గల ఎద్దు" అంది. మామ నా చెవిలో, "పొగుడుతాందా, తిడతాందా?" అన్నాడు. నాకేం తెలుసు! తువ్వాలు పట్టుకుంటే, "నా చర్మం మీ ఇంటి కోడలు" అంది. అవ్వ మాత్రం మురిసిపోయి, "ఎంత మంచి మాట!" అంది. అటక మీది తువ్వాళ్ళన్నీ కిందికి దించారు. ఆమె వాటిని ఒక్కొక్కటే మొహానికి ఆనించుకుని చూసి, చివరికి అన్నిటినీ చూపిస్తూ తల ఊపింది. మామ నడిరోడ్డు మీదికి పోయి, మాకు కనిపించకుండా కళ్ళు తుడుచుకుని వచ్చాడు. మగ్గాలు పొయ్యిలోకి పోలేదు, ఈ రోజుకీ ఆడుతున్నాయి.

ఇప్పుడు నాదే ఒక చిన్న షాపు. ఫోనులు బాగా తెలివిమీరాయి, నేనే కాస్త వెనక్కి తగ్గాను. పెళ్ళిపత్రికలో పెళ్ళికొడుకు పేరు కొట్టడానికి నాలుగుసార్లు చూసుకుంటాను, వాళ్ళ నాన్నకు చూపించి సంతకం పెట్టించుకుంటాను, అయినా రాత్రి నిద్ర పట్టదు. ఒక్క అక్షరం రాని భాషలో మనిషంత బోర్డు కొట్టి, దాన్ని పట్టుకుని స్టేషన్లో గర్వంగా నిలబడిన ఆనాటి 'ఇంగ్లీషు పాప' గుర్తొస్తే సిగ్గుతో నవ్వొస్తుంది. నవ్వయ్యాక, ఎందుకో, దాని మీద కొంచెం కుళ్ళు కూడా వస్తుంది.