ఆదివారం అప్‌డేట్

పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే హుజూరాబాద్ నుంచి ఫోన్. "మీ సార్ పోయిండు బిడ్డా," అన్నది అమ్మ. నాకు లెక్కలు చెప్పిన సార్ భార్యను నేను అమ్మ అనే పిలుస్తాను. కరీంనగర్ నుంచి వాళ్లింటికి బస్సులో గంట. ఆ గంట ప్రయాణం ఎనిమిది నెలలుగా చేయలేదు నేను.

రిటైరయ్యాక సార్‌కు లినక్స్ పిచ్చి పట్టింది. ఊళ్లో ఎవరు పాత కంప్యూటర్ పారేసినా తెచ్చి, దుమ్ము దులిపి, ఉచితంగా దొరికే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి బతికించేవారు. ఆ పిచ్చి నాకూ అంటించారు. కానీ ఒక్క విషయంలో మాకు పడేది కాదు. సార్‌ది రెండేళ్లకొకసారి కొత్త వెర్షన్ వచ్చే లినక్స్ రకం, మధ్యలో చిన్న మరమ్మతులే. నాది రోలింగ్. ఏది కొత్తగా తయారైతే అది వెంటనే వచ్చి చేరుతుంది. మీకు నవ్వు రావచ్చు, దీని మీద మేం గంటలు గంటలు కొట్లాడుకున్నాం.

"నాది మామిడికాయ తొక్కు, ఒక్కసారి పెట్టుకుంటే ఏడాదంత ఫికర్ లేదు. నీది రోజు వండే కూర. ఎన్నడో ఒకనాడు మాడుతది," అనేవారు. నాది మొరాయించిందని తెలిస్తే చాలు, ఫోన్ చేసి "ఇయ్యాల ఏం కూర మాడిందిరా?" అని అడిగేవారు.

అలాంటి మనిషి రెండేళ్ల క్రితం ఉన్నట్టుండి "నీ రోలింగే ఎక్కియ్యిరా" అన్నారు. గెలిచానని పొంగిపోయాను. ఒకటే షరతు. నేను పక్కన లేనిదే అప్‌డేట్ నొక్కరు. అలా ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ణి. ఏమేం మారుతున్నాయో పైకి చదివేవాణ్ణి. అప్‌డేట్‌కు పాస్‌వర్డ్ అడగ్గానే సార్ కీబోర్డు తన కుర్చీ వైపు తిప్పుకుని ఒంటివేలితో కొట్టేవారు. నేను మర్యాదకు గోడ గడియారం చూసేవాణ్ణి. అంతా దిగేలోపు అమ్మ సర్వపిండి చేసి పెట్టేది.

తర్వాత కొత్త ఉద్యోగం, ఇంటి పనులు, ఇంకేవో. "వచ్చే వారం వస్తా సార్" అనడం నాకు సులువైపోయింది. "ఏం కాదు తియ్, ఆగుత," అనేవారు.

దినాల నాడు అమ్మ నన్ను సార్ కంప్యూటరున్న గదిలోకి తీసుకుపోయింది. "మంచిగ నడిచేదాన్ని ఎందుకు మార్చినవని ఒకనాడు మీ సార్ను అడిగిన బిడ్డా. 'పాతదైతే వాడు రెండేండ్లకోసారి వస్తడు. గిదైతే వారం వారం రావాలె గద' అన్నడు."

నేను గెలిచానని పొంగింది దీనికి. సిగ్గుతో నాకు ఏడుపు కూడా రాలేదు. ఇప్పుడు నేను వచ్చి ఏం లాభం?

కంప్యూటర్ వేశాను. ఎనిమిది నెలల అప్‌డేట్లు అట్లాగే ఉన్నాయి. ఒక్కటీ నొక్కలేదు. ఆగుతానన్నారు, ఆగారు. నేను నొక్కాను. పాస్‌వర్డ్ అడిగింది. అమ్మకు తెలియదు, నాకూ తెలియదు.

అలవాటుగా కీబోర్డును పక్క కుర్చీ వైపు తిప్పి, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.