ఓబలప్ప క్యారియర్

బేతమంగళ దగ్గర మా ఊళ్లో సీనప్పకు లోకంలో నమ్మకమైనవి రెండే: పాల డెయిరీ, బ్యాంకు ఉద్యోగం. ఆవులు తన వంతు, బ్యాంకు కూతురి వంతు. కూతురు నేత్రావతి మాత్రం చరిత్రలో ఎం.ఏ.కు చేరింది. అదీ చాలదన్నట్టు సెలవుల్లో కోలారు బంగారు గనుల ఊరిగాంలో ఇంటర్న్‌షిప్ తెచ్చుకుంది. అక్కడ పాత కంపెనీ బంగళాలో గని కుటుంబాల సామాన్లు, జ్ఞాపకాలు పోగుచేసి జనానికి చూపించే చిన్న ప్రదర్శనశాల ఒకటి తయారవుతోంది. ఆ పని నేర్చుకుంటానంటే సీనప్ప చేతిలోని పాలక్యాను దబ్బున కింద పెట్టాడు.

"సచ్చినోళ్ల సామాన్లు తుడిచే పనా? దానికి ఎం.ఏ. చదవల్లా?"

రెండు రోజులు అలిగి, చివరికి తండ్రీకూతుళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. సోమవారం ప్రదర్శనశాల తెరిచేనాటికి నేత్ర తెచ్చిన వస్తువు ఒక్కటైనా అద్దాల పెట్టెలోకి ఎక్కాలి. ఎక్కకపోతే మంగళవారం నుంచి కోలారులో బ్యాంకు కోచింగ్. సీనప్ప కోలారు బస్సు టైము కూడా కనుక్కుని వచ్చాడు. అంత నమ్మకం కూతురి మీద!

ప్రదర్శనశాల పెద్ద అనంతపద్మనాభగారు రిటైరైన మేష్టారు. చొక్కాకు ముడత పడితే ఓర్చుకోలేని మనిషి. వస్తువులు మాత్రం ఎంత మురికిగా ఉంటే అంత ముచ్చటపడతాడు.

"మొదటి పాఠం ఇదేనమ్మా. ఏదీ కడగరాదు. మసి, మరక, దుమ్ము, అన్నీ సాక్ష్యాలే," అన్నాడు.

నేత్ర ఆగలేకపోయింది. "మా తాత ఓబలప్ప గనిలో పనిచేసినాడు సార్. ఆయన ఇత్తడి క్యారియర్ మా అటక మీద ఉండాది. నల్లగా, అట్లే ఉండాది."

మేష్టారి కళ్లు మెరిశాయి. "అయితే నడిమి పెట్టె దానికే."

నేత్ర వెంటనే ఇంటికి ఫోన్ చేసి, క్యారియర్ దించి ఉంచమని, ఊరిగాంలో నలుగురూ చూస్తారని అవ్వ మునిలక్ష్మమ్మకు చెప్పింది. కడగొద్దని చెప్పడం మరిచింది. నలుగురూ చూసే గిన్నెను కడగకుండా పంపే ఆడది మా తాలూకాలో ఇంకా పుట్టలేదు. పొద్దున్నే అవ్వ సంచిలో మూటగట్టి ఇచ్చింది. బస్సు అందదన్న కంగారులో నేత్ర మూట విప్పనైనా లేదు.

బంగళాలో విప్పితే క్యారియర్ పెళ్లికూతురిలా తళతళలాడింది. ఇంకా చింతపండు వాసన కూడా పోలేదు. మేష్టారు తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"అయ్యో! చరిత్రనంతా చింతపండేసి తోమేసినారు గదమ్మా! దీన్ని పెట్టెలో పెడితే పాత్రల అంగడి అనుకుంటారు. నడిమి పెట్టెకు వేరేది చూసుకుంటాలే."

సాయంత్రం నేత్ర ఇంటికొచ్చి అవ్వ మీద విరుచుకుపడింది. కళ్లల్లో నీళ్లు, నోట్లో నిప్పులు. "యాడన్నా చూసినావా అవ్వా, పాతది అడిగితే కొత్తది చేసిచ్చేవాళ్లని?"

అవ్వ రాగిముద్ద కలిపే కర్ర పక్కన పెట్టింది.

"నీకేం తెలుసు పాపా. అప్పుడు మేము ఊరిగాంలో గని కూలోళ్ల లైన్ల ఇండ్లల్లో ఉంటిమి. మీ తాత కిందికి దిగినాడంటే నా పానం అరచేతిలో ఉండేది. మనిషి పైకొస్తే క్యారియర్ ఇంటికొస్తాది. దాన్ని కడిగి వాకిట్లో బోర్లిస్తేనే నాకు ముద్ద దిగేది. ఎవరి వాకిట్లోనన్నా కడిగిన క్యారియర్ కనపడలేదంటే, ఇంగ ఏమీ అడగకుండా ఆడోళ్లమంతా ఆ ఇంటికి పరిగెత్తేది. ఇప్పుడు నువ్వు దాన్ని మళ్లా ఊరిగాంకే తీసుకుపోతానంటివి. నల్లగా పంపిస్తే అక్కడోళ్లు ఏమనుకుంటారు? ఓబలప్ప పైకి రాలేదనుకోరా?"

నేత్ర కోపం ఎక్కడ పోయిందో పోయింది. అవ్వ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. ముద్ద అడుగంటిందని అవ్వ తిట్టేదాకా లేవలేదు.

మర్నాడు ఆ మాటలు మేష్టారికి చెప్పింది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, తానే నడిమి పెట్టె తాళం తీశాడు.

"మీ అవ్వ చెప్పిన మాటే కింద రాయమ్మా. ఒక్క అక్షరం మార్చొద్దు. ఇంక మిగతా సామాన్లు ఇచ్చినవాళ్లను కూడా కనుక్కుందాం, ఏది కడగాలో, ఏది కడగకూడదో."

సోమవారం సీనప్ప డెయిరీకి పాలు పోసి, తన అమ్మ మునిలక్ష్మమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. పందెం ఓడినవాడి మొహం ఎలా ఉండాలో అలాగే ఉంది. ఊరిగాం జనమంతా పెట్టెల మధ్య తిరుగుతున్నారు. చేతికర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ నడిమి పెట్టె ముందు ఆగింది. కింద రాసినదాని వైపు చూడనే లేదు, ఆమెకు చదువు రాదు. అద్దానికి మొహం ఆనించి క్యారియర్‌నే చూసింది.

"కడిగి ఉండాది," అంది తనలో తాను. "ఈయప్ప పైకొచ్చినాడు."

పక్కనే ఉన్న మునిలక్ష్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "వచ్చినాడమ్మా. దినామూ వచ్చినాడు."

వెనకాల సీనప్ప తువ్వాలుతో మొహమంతా గట్టిగా తుడుచుకున్నాడు. కూతురి వైపు తిరిగాడు.

"రేపు నీకు ఊరిగాం బస్సు ఎన్నింటికి పాపా?"