అప్పన్న బావ బ్రేకుల మీద నా చెయ్యే పడాలన్నాను

నిన్న సాయంత్రం ఫోన్‌లో అప్పన్న బావ నంబర్ కనబడింది. శనివారం ఎన్నింటికి వస్తావని అడగడానికే అనుకుని, "వస్తాలే, ప్రాణం తియ్యకు" అన్నాను.

అవతల సరోజ అక్క. బావ భార్య.

"మీ బావ పోయాడు" అంది.

 అక్క ఫోన్ ఎప్పుడు పెట్టేసిందో తెలియదు.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను. అప్పన్న బావ నా భార్యకు అన్న. చర్చిలో చేరాక అందరికీ శామ్యూల్ అయ్యాడు. నాకు మాత్రం అప్పన్నే. ఒకరినొకరం బావా అనే పిలుచుకున్నాం, బావా అనే తిట్టుకున్నాం.

నాకు రాత అంతంత మాత్రం. ప్రాస్పెక్టన్ కార్ల ఫ్యాక్టరీలో బ్రేకులు బిగించి బతికినవాణ్ణి. ఆ పని నాకన్నా బాగా తెలిసినవాడు డర్బన్‌లో లేడని ఇప్పటికీ అంటాను.

ఇదంతా మొదలైంది ఈ దేశంలో తెల్లా నల్లా అందరం కలిసి మొదటిసారి ఓటేసిన ఏడు.

బావకు ఒక పాత కోంబీ వ్యాన్ ఉండేది. తనుండే రిజర్వాయర్ హిల్స్‌లో కొండ దిగలేని ముసలమ్మలందరినీ ఓటుకు తీసుకెళ్తానన్నాడు. బయట గొడవలు, ఎప్పుడేం జరుగుతుందో అని భయం. మా అత్తకు, అంటే బావ తల్లికి, కంటిమీద కునుకు లేదు. కొడుకు చూస్తే చర్చి మనిషి, బండికి కొబ్బరికాయ కొట్టనివ్వడు.

ఓట్ల రోజు పొద్దున అతను స్నానానికి వెళ్ళినప్పుడు దొంగచాటుగా చక్రాలన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. చాలదనుకుందో ఏమో, దీపం నూనె తెచ్చి కుడివైపు ముందు చక్రం మీద ధారగా పోసేసింది.

ఆ ముందురోజే కొత్త బ్రేకు పాడ్లు, అంటే చక్రాన్ని పట్టి ఆపే బిళ్ళలు, వేసింది నేను.

ముసలమ్మల్ని ఎక్కించుకుని కొండ దిగుతూ బావ బ్రేకు తొక్కితే ఎడమ చక్రం పట్టింది, కుడిది జారింది. బండి ఎడమకు లాక్కుపోయి ఎవరింటి గోడకో ఒరుసుకుని ఆగింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కబురు తెలిసి వెళ్ళి చక్రం ఊడదీస్తే పాడ్ నూనె పీల్చిన గారెలా ఉంది.

"ఎవరు పోసారు దీనికి నూని?" అని అరిచాను.

అక్కడికి పరుగెత్తుకొచ్చిన అత్త తగ్గలేదు. "నేనే పోసాను అల్లుడూ, ఏటంటావు? దేవుడి నూని అది. దానికి ఆగని బండి నీ బ్రేకులకి ఆగుద్దా?"

"ఐకోనా, ఒద్దే ఒద్దు అత్తా! దేవుడికి పొయ్యి, పాడ్లకి పొయ్యకు!"

బండిలోంచి ఒక ముసలమ్మ తల బయటపెట్టి, "మీ కొట్లాట తరవాత. నా ఓటు పోద్ది, ముందు బండి తియ్యండ్రా" అంది.

బావ మాత్రం తల్లిని తిట్టలేదు. నూనె తాగిన పాడ్ కడిగినా పనికిరాదు. రెండు వైపులా మార్చేశాను. బావ నా పక్కనే కూర్చుని అన్నాడు: "ఇంక బండి సంగతి నీదే బావా. నువ్వు కదలమంటే కదుల్తా. ఒద్దంటే కదల్ను."

అన్నాడు, ఇన్నేళ్ళలో వ్యాన్ పోయి కారు వచ్చినా అలాగే ఉన్నాడు.

ఈ సోమవారం ఫోన్ చేశాడు. "బ్రేకు తొక్కితే సౌండ్ వస్తంది బావా. కింద గ్యారేజీలో చూపించనా?"

నాకు రోషం వచ్చింది. "ఆ కుర్రకుంకలు నీ బ్రేకుల మీద చెయ్యేస్తే ఇంక నేనెందుకు? శనివారం వస్తా. అందాకా బండి కదపొద్దు."

"సరే బావా."

ఎలాంటి సౌండ్ అని నేను అడగలేదు.

అదొక్కటే అడగాల్సింది. పాడ్ అరిగి పల్చబడితే, దానికి ఉండే చిన్న ఇనప రేకు చక్రంతో తిరిగే డిస్క్‌కు తగిలి విజిల్‌లా సన్నగా కూస్తుంది. మార్చుకోమని చెప్పడానికే ఆ రేకు పెడతారు. అప్పటికింకా టైం ఉంటుంది, మెల్లగా నడుపుకోవచ్చు. పాడ్ మొత్తం అయిపోతే ఇనుము మీద ఇనుము పడి గరగరమంటుంది. అప్పుడు బండి కదపకూడదు.

ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ తేడా నేనే నేర్పాను. బావను అడగడానికి తీరిక లేకపోయింది. టీవీలో క్రికెట్ చూస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక బావకు గుండెలో నొప్పి వచ్చింది. అక్క కారు తాళాలు తీసింది. అక్క నాకన్నా బాగా నడుపుతుంది. బావ ఆమె చేతిలోంచి తాళాలు లాక్కున్నాడట.

"ఒద్దు సరోజా. బావ కదపొద్దన్నాడు. కొండ దిగాల, నీకేమన్నా అయితే?"

అంబులెన్స్ కోసం కూర్చున్నారు. అది వచ్చేసరికి చాలా ఆలస్యమైంది. ఆస్పత్రికి చేరిన కాసేపటికే పోయాడు.

ముందే తీసుకెళ్తే బతికేవాడా అని నేను డాక్టర్‌ను అడగలేదు. ఎవరికీ భయపడనివాణ్ణి, ఆ మాటకు భయపడ్డాను.

ఈ పొద్దున వెళ్ళి ఆ కారు ముందు చక్రాలు ఊడదీశాను. ఇంటి నిండా జనం. ఇప్పుడెందుకిది అని మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను.

పాడ్లు అగ్గిపుల్ల కన్నా కాస్త ఎక్కువ మందమే ఉన్నాయి. రేకు ఇప్పుడిప్పుడే తగులుతోంది. అంతే.

ఆస్పత్రికి వెళ్ళి రావచ్చు. అంత దూరాన ఉన్న లేడీస్మిత్ దాకా కూడా వెళ్ళి రావచ్చు.

సరోజ అక్క వచ్చి నా వెనక నిలబడింది. "బాగా పోయాయా బ్రేకులు?"

అవునంటే సరిపోయేది. ఆమె మనసు కొంచెం కుదుటపడేది. నాదీ.

"లేదక్కా. బండి నడిచేది" అన్నాను.

అక్క ఒక పాడ్ చేతిలోకి తీసుకుంది. నా వంక చూడలేదు.

"కొత్తవి ఎయ్యి. మీ బావని సాగనంపడానికి రేపు చర్చికి దీంట్లోనే ఎల్తా. నేనే నడుపుతా" అంది.

వేశాను. కొండ ఎక్కి దిగి చూశాను. కారు బాగా ఆగుతోంది.

బావా, ఒక్కసారైనా నా మాట కాదనాల్సింది.

వెళ్ళిరా. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర ఏ నొప్పీ లేకుండా చల్లగా పడుకో.