డాక్టరుకు చెప్పని కట్టెల సంగతి

ఆదోని బజారులో కళ్ళద్దాల షాపు నడిపిన మా అద్దాలన్న పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశాడు. గుండె ఆగిందట. పత్తి మిల్లులో ఉండగా నాకు ఫోనొచ్చింది. పని వదిలేసి గేటు దాకా వచ్చి, ఎటు పోవాలో తోచక అక్కడే నిలబడ్డాను. ఆయన నాకు బంధువు కాదు, మా ఊరివాడూ కాదు. నా రెండు కళ్ళు మాత్రం ఆయన నిలిపినవే.

అద్దాలమ్మి బతికే మనిషి అద్దాలు అక్కర్లేని దారి చెబుతాడా? ఈయన చెప్పేవాడు. లేజరు ఆపరేషనంటే కళ్ళు మాడిపోతాయని భయపడేవాళ్ళతోనూ, అదేదో సోకనుకుని ఉబలాటపడేవాళ్ళతోనూ ఒకే ఓపికగా మాట్లాడేవాడు. పవరు ఏటేటా మారుతుంటే ఆగమనేవాడు. కంటిపొర మందం చూపించుకోకుండా ఒప్పుకోవద్దనేవాడు. నలభై దాటిన ఎమ్మిగనూరు నేతగాళ్ళు వస్తే, దూరపు చూపు బాగైనా పోగులు అతికేటప్పుడు దగ్గరి అద్దాలు తప్పవని ముందే చెప్పేసేవాడు. ఆయన కంటిపొర పలచనట, ఆయనకే ఆపరేషన్ పనికిరాదన్నారు. "నాకు కాదన్నారని నీకూ కాదంటారా? పోయి అడుగు" అని నవ్వేవాడు. తిట్టడమూ బాగానే వచ్చు. ఆయన ముందు ఎవరైనా చొక్కా అంచుతో అద్దం తుడిచారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

మిల్లులో దూది నుసి అద్దాలకు పట్టి నాకు పని సాగేది కాదు. ఆయన చెప్పాకే ధైర్యం చేసి, పరీక్షలన్నీ అయ్యాక లేజరు చేయించుకున్నాను. దెబ్బలు తగిలే ఆటలేమైనా ఆడతావా అని డాక్టరమ్మ ముందే అడిగింది. లేదన్నాను. నిజమే మరి, నేను ఏ ఆటా ఆడను.

నాలుగు నెలలకు, దసరా ముందర, అద్దాల్లేని మొహం చూపించడానికి షాపుకు వెళ్ళాను. ఆయన మురిసిపోయి టీ తెప్పించాడు. నాయన పోయాడు కాబట్టి ఈ ఏడు దేవరగట్టు జాతర కర్రల సమరంలో మా ఇంటి కట్టె పట్టేది నేనేనని మాటల్లో చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"డాక్టరుకు సెప్పినావా?"

"ఆమె ఆటలడిగింది గానీ, దేవుని పని ఆట యాడయితాదన్నా?"

ఆయన తల పట్టుకుని, అప్పటికప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేసి నా చేతికిచ్చాడు. కంటి మీది పొరను మూతలా లేపి, లోపల సరిచేసి మళ్ళీ పరిచామని, గట్టి దెబ్బ తగిలితే నెలల తర్వాతైనా అది కదలొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ముందే తెలిసుంటే పొర లేపని పద్ధతిలో చేసేవాళ్ళమంది. కన్ను పోతుందేమోనని భయపడ్డాను. అంతకన్నా ఊరంటే భయం వేసింది. పిరికోడంటారు. పెదనాయన నన్ను గడప తొక్కనివ్వడు.

మర్నాడు ఆయన షాపు మూసేసి, బస్సెక్కి మా ఊరికి వచ్చాడు. తల నిండా పాత గాయాల మచ్చలున్న పెదనాయన ముందు కూర్చున్నాడు. తలలు పగిలినా మేం వెనక్కి రాలేదు, వీని కళ్ళకేం రోగమని పెదనాయన గద్దించాడు.

"వాడు భయపడే రకం కాదప్పా. కన్ను మానినట్టే కనపడతాది, లోపల పొర ఇంకా గట్టిగా అతుక్కోలేదు. తప్పు నాది. ఏ పండగకు యాడికి పోతావని నేనే అడగల్సింది."

ఆయన తప్పు ఏముంది అందులో? అయినా నెత్తిన వేసుకున్నాడు. పెదనాయన తన తల మీది మచ్చలు తడుముకున్నాడు. చివరికి, వాడు గాయాలకు పసుపు అద్దే చోట ఉంటాడులే అన్నాడు. ఆ ఏడు అక్కడే ఉన్నాను. తోటివాళ్ళు నవ్వారు, కష్టంగానే అనిపించింది. ఆ తర్వాత నుంచీ అద్దాలన్న, ఆపరేషన్ మాటెత్తిన ప్రతివాణ్ణీ ముందు జాతరల గురించే అడిగేవాడు.

కడచూపుకు పెదనాయనా నాతో వచ్చాడు. తిరిగి వస్తుంటే బస్సులో మా ఊరి కుర్రాడొకడు పక్కన కూర్చున్నాడు. వచ్చే నెల తనకు లేజరని, అద్దాలు పైకి తోసుకుంటూ చెప్పాడు. నేను నోరు తెరిచేలోపే పెదనాయన వాడి భుజం పట్టుకున్నాడు.

"ఆటలాడతావా అని అడుగుతారు. ఊరికే లేదనొద్దు. మేం కట్టెలకు పోతామని సెప్పు."

కుర్రాడు తలూపాడు. పెదనాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను. దూరాన చేలో ఆడవాళ్ళు పత్తి తీస్తున్నారు, ఎవరి కొంగు ఏ రంగో కూడా తెలుస్తోంది.