మరచెంబుతో పరదేశయాత్ర

ఆ రోజుల్లో పరదేశం పోవాలంటే ఇప్పటిలాగా విమానాలు, కాగితాలు, ముద్రలు అక్కర్లేదు. పంచె మోకాళ్ల పైకి ఎగగట్టుకుంటే చాలు. నంద్యాలలో బస్సెక్కి, పాణ్యం మీదుగా కర్నూలు చేరి, ఇంకాస్త ముందుకు పోయి తుంగభద్ర గట్టున దిగితే, అవతలి గట్టు పరాయి రాజ్యం. ఇవతల కొత్తగా పుట్టిన మా ఆంధ్ర రాష్ట్రం, అవతల హైదరాబాదు రాష్ట్రం. అది పరదేశమని మా బుర్రల్లోకి ఎక్కించినవాడు మా భూగోళం సారు. బడిలో ఉన్న ఒకే ఒక్క గ్లోబును పిల్లలెవరూ ముట్టకుండా చంకలో పెట్టుకొని తిరిగేవాడు కాబట్టి ఆయన్ను గ్లోబు సారు అనేవాళ్లం (ఆయన వినకుండా). ఎండాకాలం సెలవుల్లో పదిమంది పిల్లల్ని ఒక్క రోజులో అలంపురం తీసుకుపోయి పాత గుళ్లు చూపిస్తానని చెప్పి, "రాష్ట్రం వేరే, రాజధాని వేరే, ఏలేటోళ్లు వేరే. ఇంక అది పరదేశం గాకపోతే ఏందిరా?" అన్నాడు. మేము నోళ్లు తెరుచుకొని విన్నాం.

మాది ఆళ్లగడ్డ. నంద్యాల హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా, అవ్వ సరేనంటే తప్ప నేను ఎక్కడికీ కదలడానికి లేదు. మా నాయన మీసమంటే ఊరందరికీ భయమే గానీ, అవ్వ ముందు అదీ వాలిపోయేది. ఇంటికి పోయి, పక్కింటి పిల్లలకు కూడా వినపడేటట్టు, "అవ్వా, పరదేశం పోతాండా" అన్నాను. అలంపురం అని చెప్పొచ్చు. కానీ అలంపురం అంటే ఎవడు కుళ్లుకుంటాడు?

"యాడుందిరా అది?" అంది అవ్వ.

"నీళ్లు దాటి పోవాలవ్వా."

"ఓడెక్కాల్నా?"

"ఊఁ, అట్లాంటిదే." (ఏరు దాటించే బుట్టలాంటి గుండ్రటి పుట్టి కూడా ఓడ జాతిదే కదా అని నా మనసుకు నేనే సర్దిచెప్పుకున్నాను.)

అవ్వ మొహం పాలిపోయింది. ఆమె తమ్ముడొకడు పడుచుతనంలో పటాలంలో చేరి, ఓడెక్కి పోయి, అక్కడి నీళ్లు పడక మళ్లీ తిరిగి రాలేదని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. నా చెయ్యి పట్టుకొని తన నెత్తిన పెట్టుకుంది. "ఆడి నీళ్లు గుక్కెడు గూడా ముట్టనని చెప్పు. అట్లయితేనే పో" అంది. ఒట్టు వేశాను. ఒట్టు తప్పితే ఆమెకేమవుతుందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు. బయల్దేరేటప్పుడు ఇత్తడి మరచెంబు నిండా మా ఇంటి బావి నీళ్లు నింపి, మూత బిగించి, ఒక్క చుక్క కారకుండా ఇంకో చుట్టు బిగించి నా చేతికిచ్చింది.

ఏటిని చూసిన క్షణం ఇప్పటికీ నా కళ్లలో ఉంది. మండుటెండలో అంత వెడల్పున ఇసుక, నడుమ తళతళమనే పాయలు. కొంత దూరం నడిచాం, లోతున్న పాయను పుట్టిలో దాటాం. అది గిరగిరా తిరుగుతుంటే గ్లోబు సారు కళ్లు మూసుకొని దేవుడి పేర్లు చదివాడు (భూమి గుండ్రంగా తిరుగుతుందని మాకు చెప్పింది ఆయనే). అవతలి గట్టున కాలు పెట్టగానే నా ఒళ్లు పులకరించింది. అక్కడొక వేపచెట్టు ఉంది. పరదేశపు వేపచెట్టు! దాని మీద కాకి అచ్చం ఆళ్లగడ్డ కాకిలాగే అరిచింది. ఒక బర్రె మావైపు చూసి మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది. బర్రెలకు దేశాలతో పని లేదా అని నేను నిజంగానే ఆశ్చర్యపోయాను.

గుళ్లు చూశాక మాత్రం నా వెటకారం, గొప్పలు అన్నీ అణిగిపోయాయి. ఎర్రరాతి గోడల మీద మనుషులు గాలిలో ఎగురుతున్నారు. రాతిని ఎవరో జల్లెడలా తొలిచి కిటికీ చేస్తే, అందులోంచి పడిన ఎండ నేలమీద చుక్కల ముగ్గులా పరుచుకుంది. ఆ ముగ్గు మీద కాలు పెట్టడానికి భయమేసి పక్కనుంచి నడిచాను. ఇంత పని చేసినవాళ్లు అన్నం తినే మనుషులేనా అనిపించింది. ఎంతసేపు చూశానో గానీ, తేరుకునేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది.

మరచెంబు మూత తిప్పాను. రాలేదు. పంచె చుట్టి తిప్పాను. రాలేదు. మా గుంపులో అందరికంటే బలిష్ఠుడు, మేము బొండం అని పిలిచేవాడు, పళ్లు బిగించి తిప్పాడు. గ్లోబు సారు చెంబును మోకాళ్ల మధ్య ఇరికించుకొని తిప్పి, "ఎవుర్రా ఇది బిగించింది, పయిల్వానా?" అన్నాడు. మా అవ్వ అని చెప్తే ఎవరూ నమ్మలేదు. మిగిలినవాళ్లంతా ఏటి పాయలో దోసిళ్లతో తాగుతుంటే, నేను చెంబును చెవి దగ్గర పెట్టుకొని లోపల నీళ్లు తొణికే చప్పుడు వింటూ కూర్చున్నాను. కళ్లు బైర్లు కమ్మాయి. "తాగురా, చస్తావు" అని సారు గద్దించాడు. తాగితే అవ్వ చస్తుంది కదా!

అంతలో గట్టు మీది ఇంట్లోంచి ఒక పెద్దావిడ ముంత పట్టుకొని వచ్చింది. పరదేశంలో ఇంగ్లీషే మాట్లాడాలన్న సారు మాట గుర్తొచ్చి, తూలుతూ లేచి, "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నాను. మిట్టమధ్యాహ్నం.

"ఏమంటుండు ఈ పిలగాడు? ఎండ గొట్టిందా బిడ్డా? ఇగో, తాగు."

ఆమె మాట్లాడింది తెలుగని నాకు అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. ముంతలో మజ్జిగ. అవ్వ నీళ్లు ముట్టొద్దంది గానీ మజ్జిగ ముట్టొద్దనలేదు! ఒక్క గుక్కలో ముంత ఖాళీ చేశాను. ఖాళీ అయ్యాక, మజ్జిగలో ముప్పాతిక వంతు నీళ్లేనన్న సంగతి తట్టింది. (ప్రయాణాల్లో ధర్మసందేహాలుంటే తాగకముందే తీర్చుకోవాలని నా సలహా.)

తిరిగి వచ్చిన దారి పొడవునా, ఒట్టు తప్పినట్టా కాదా అని మజ్జిగలో నీళ్లు లెక్కేస్తూనే ఉన్నాను. మరునాడు పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సు దిగి, మా వీధి మలుపులో ఏడుపులు వినపడతాయేమోనని చెవులు రిక్కించాను. అవ్వ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. కానీ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "వచ్చినావా! నిన్న పొద్దున్నుంచి మీ అవ్వ పచ్చినీళ్లు ముట్టల్యా" అని లోపల్నుంచి మా అమ్మ అరిచింది.

"వాడాడ నీళ్లు ముట్టకుండా తిరుగుతాంటే నాకెట్లా దిగుతాయే?" అంది అవ్వ.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మజ్జిగ సంగతి, ఏరు, పుట్టి, గుళ్లు, అన్నీ కక్కేశాను. అవ్వ గింజలు తీయడం ఆపింది.

"ఏ యేరు?"

"తుంగభద్ర."

"ఏ వూరు?"

"అలంపురం."

"ఓరి నీ పరదేశం పాడుగాను! అలంపురమా? నీ పుట్టెంట్రుకలు తీపిచ్చిందే ఆడ గదరా! గుండు చేస్తాంటే ఏటిగడ్డన వూరెగిరిపొయ్యేటట్టు ఏడిస్తివి. ఆ యేటి నీళ్లే గదరా మన కాలవకొచ్చేది!" నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకొని, "ఒట్టు తీసి గట్టుమీద పెడితి, పో" అంది. తర్వాత మరచెంబు అందుకొని, పదిమంది మొనగాళ్లు తియ్యలేని మూతను ఒక్క తిప్పుతో తీసింది. ఏరు దాటి తిరిగొచ్చిన ఆ నీళ్లను ముందు నాకు పోసి, తర్వాత తాను తాగింది. అవి వెచ్చగా, ఇత్తడి వాసనతో ఉన్నాయి. అంతకంటే మంచి నీళ్లు నేను మళ్లీ తాగలేదు.

కొన్నాళ్లకే రెండు రాష్ట్రాలూ కలిసిపోయి, నా ఒక్కగానొక్క పరదేశం నాకు దక్కకుండా పోయింది. ఈ మధ్య మళ్లీ విడిపోయాయి కాబట్టి, కాస్త గొప్పలు చెప్పుకునే హక్కు తిరిగొచ్చింది. మొన్న అలంపురం పోయినప్పుడు ఏట్లో దిగి దోసిట్లో నీళ్లు తీసుకున్నాను. అన్నేళ్ల తర్వాత కూడా అవ్వ గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత తాగి, తడిచేత్తో నా నున్నటి బట్టతల నిమురుకుంటూ, "పుట్టెంట్రుకలు నువ్వు తీసుకున్నావు సరే, మిగతావి ఎవరికిచ్చానమ్మా?" అని ఏటిని అడిగాను.